తుంగ గారికి ఒక విన్నపం

నా మడిలో కలుపుగా వెలసిన మహారాజశ్రీ తుంగ గారి దివ్య సముఖానికి,

మొన్న మధ్యాహ్నమంతా మీ సేవలోనే గడిచింది, గుర్తుందనుకుంటా. నడుం వంచి పారతో మడంతా శుభ్రంగా చెక్కేశాను, ఒక్క ఆకు మిగల్లేదు. ఒక్క జల్లు పడిందో లేదో తమరు మళ్లీ హాజరు, అదీ ముందుకన్నా ఒత్తుగా!

వయ్యారిభామ మీద నాకింత కోపం లేదండీ. వేల గింజలు రాలుస్తుంది, చచ్చిపోతుంది. పూతకి ముందే పీకేస్తే ఆ మొక్కతో గొడవ తీరినట్టే (పాత గింజలు మట్టిలో నక్కి ఉంటాయి, అది వేరే ఏడుపు). పల్లేరు కాయ గుచ్చుకుంటే తిట్టుకుని లాగేస్తాం.

తమరికి గింజల మీద పెద్దగా నమ్మకం లేదు, ఆస్తంతా నేల కిందే. ఒక దుంప, దాన్నుంచి సన్నటి కాడ, దాని చివర ఇంకో దుంప, ఇలా గొలుసు. గొలుసు తెగనంతసేపూ చాలా దుంపలు మొలవకుండా నిద్రపోతుంటాయి. పార తగిలి ముక్కలైతే చాలు, ఒక్కో దుంపా లేచి సొంత కాపురం పెడుతుంది. అంటే ఎండలో చెమటోడ్చి మీ సంతానాన్ని లేపింది నేనన్నమాట, కూలి కూడా తీసుకోకుండా!

1954లో లామాంట్ కోల్ అనే జీవావరణ శాస్త్రవేత్త లెక్కేశాడు, ఏడాదికే చచ్చే మొక్క ఒక్క గింజ ఎక్కువ పెడితే చాలు, దాని సంతతి ఎప్పటికీ చావని మొక్క సంతతితో సమానంగా పెరుగుతుందని. మరి చావనివాళ్లు ఎందుకున్నట్టు? 1973లో చార్నోవ్, షాఫర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఆ చిక్కు విప్పారు, గింజ నుంచి మొలిచిన పిల్ల బతకడం కష్టమై పెద్ద మొక్క నిలదొక్కుకునే చోట మీలాంటి వాళ్లదే పైచేయి అట. మాటిమాటికీ తవ్వే నేలలో పెద్ద మొక్కకే దిక్కుండదు కాబట్టి అక్కడ ఏడాది మొక్కలదే రాజ్యం కావాలి కదా? మడి అంటేనే తవ్వే చోటు కదా? ఆ రూలు కూడా తుంగలో తొక్కి, తవ్వడాన్నే పిల్లల్ని కనే పద్ధతి చేసుకున్నావే, సిగ్గులేదూ నీకు!

నీ దుంపల్ని, అదే తుంగముస్తల్ని, మందుల్లో వాడతారు, వాసన బాగుంటుంది, ఒప్పుకుంటా. అయితే ఏంటి, నా మడి నీకు రాసివ్వాలా?

నీకు నీడ పడదని తెలిసిందిలే. ఈసారి పార ముట్టను, దట్టంగా కమ్మే తీగ ఏదో ఒకటి పాకిస్తా. ఎండ తగలకుండా దుంపలో దాచుకున్న పిండితో ఎన్నాళ్లు మొలుస్తావో చూస్తా.

ఇట్లు,
తమరి జీతం లేని పాలేరు