సెమినార్ హాలు కార్డ్‌లెస్ మైకు గారికి

అయ్యా,

ఒంట్లో ఎలా ఉంది? నిన్న సాయంత్రం నాలుగున్నరకి నా చేతిలో ప్రాణం విడిచారు కదా, రాత్రంతా దిగులే.

అంతకుముందు మహా పుష్టిగా ఉన్నారు. జనవరి 25, ఓటర్ల దినోత్సవం. రెండింటికే అటెండెన్స్ తీసి కూర్చోబెట్టారు. ముఖ్య అతిథి మద్దిలపాలెం ట్రాఫిక్ దాటి వచ్చేసరికి మూడు దాటింది. అందాకా "హలో, హలో, మైక్ టెస్టింగ్" అంటూ ఎంత హుషారుగా మోగారని! ఏ ఒత్తిళ్లకూ లొంగకుండా ఓటేస్తామని మా చేత ప్రతిజ్ఞ చేయించిందీ మీరే. ఓటు వయసు 21 నుంచి 18కి తగ్గించింది 61వ సవరణ అని చెప్పినవాడికి ఓ పెన్ను. సమోసా ముందు రెండు వరసలకే.

తర్వాత ముఖ్య అతిథి అందుకున్నారు. 1966లో విశాఖ ఉక్కు కోసం విద్యార్థులు రోడ్డెక్కారని, నవంబర్ 1న ఇదే ఊళ్లో పోలీసు తూటాలకి ప్రాణాలు పోయాయని చెబుతుంటే ఆయన గొంతు పూడుకుపోయింది. నాదీ అంతే. ఆ ఊపులోనే లేచాను.

"సార్, ఏటా స్టూడెంట్ యూనియన్ ఎన్నికలు పెట్టాలని లింగ్డో కమిటీ చెప్పింది, 2006లో సుప్రీంకోర్టు ఒప్పుకుంది. మరి మన దగ్గర..."

"ఇలా ఇవ్వమ్మా, సౌండ్ సరిగా లేదు" అంటూ మా సారు మిమ్మల్ని తీసుకుని, ఓసారి అటూ ఇటూ ఊపి తిరిగిచ్చారు. అంతే, మీరు లేరు. "బ్యాటరీ అయిపోయింది, టైమూ అయిపోయింది."

అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదని, ప్రింటు పోస్టర్లు వేయకూడదని కూడా ఆ కమిటీయే చెప్పింది. గేటు నుంచి హాలు దాకా కట్టిన ఫ్లెక్సీలు లెక్కేస్తే ముఖ్య అతిథి ఎప్పుడో అనర్హుడు. అదీ అడుగుదామనుకున్నా.

పోన్లే, పోయారనుకున్నాను. రెండు నిమిషాల్లో వందన సమర్పణకి లేచి కూర్చున్నారు! టెంట్ హౌస్ వాళ్ల దాకా అందరి పేర్లూ ఖంగుమని చదివారు. చచ్చినవాళ్లెవరైనా వందన సమర్పణకి లేస్తారా? సిగ్గుండక్కర్లా నీకు? ఎమ్మెల్యేని ఎన్నుకోడానికి పనికొచ్చే నా బుర్ర, క్లాసు ప్రతినిధిని, అదే సీఆర్‌ని, ఎన్నుకోడానికి పనికిరాదా? మా సీఆర్ ఎవరో తెలుసా? సారుకి జిరాక్సులు తెచ్చిపెట్టే కుర్రాడు. పాపం వాడికీ ఇష్టం లేదు. వద్దని చెప్పుకోడానికి వాడికీ మైకు దొరకలేదు.

ఇవాళ పొద్దున్న జెండా దగ్గర రాజ్యాంగం గురించి గంటసేపు మోగావు. అయ్యాక వైర్లు చుడుతున్న అటెండర్ బాబాయిని అడిగాను, బ్యాటరీ ఎప్పుడు మార్చారని.

"మార్సడమేటమ్మా, నిన్న పొద్దుటే కొత్తవి ఏసినాను. ఇదిగో, అడుగున సిన్న స్విచ్చి ఉంటాది సూడు."

చూశాను. బొటనవేలికి సరిగ్గా అందుతుంది.

శుక్రవారం ఫ్రెషర్స్ డేకి వస్తావుగా. యాంకరింగ్ నాదే.

ఇట్లు,
మూడో వరసలో కూర్చున్న ఓటరు