పుట్టుక ప్రశ్న వేరు, చుట్టరికం ప్రశ్న వేరు

"మామా, జీవం సముద్రంలో పుట్టిందా, చెరువులో పుట్టిందా అనేది సైంటిస్టులకే ఇంకా తేలలేదంట. మరి మనిషి చేప నుంచి వచ్చినాడని ఎట్ట చెప్తారు?"

పదో తరగతి చదివే మా మేనల్లుడు నాగలాపురంలో అడిగిన మాట ఇది. వేదనారాయణ స్వామి గుడిలో సూర్యపూజ చూడ్డానికి వెళ్లాం. ఏటా మార్చిలో మూడు రోజులు సాయంత్రపు ఎండ లోపలిదాకా వచ్చి మూలవిరాట్టును తాకుతుంది. స్వామికి నడుము కింద చేప రూపం. సోమకాసురుడు సముద్రంలో దాచిన వేదాలను తెచ్చిన మత్స్యావతారం. క్యూలో మా వెనకున్న పెద్దాయన వాడి మాట విని, "డార్విన్ చెప్పింది మనోళ్లు ఎప్పుడో చెప్పినారు నాయనా, ముందు చేప, తర్వాత తాబేలు" అన్నారు. ఆ జవాబుతో మావాడికి తృప్తి కలగలేదు. తిరుపతి చేరేదాకా అదే అడుగుతూ వచ్చాడు.

వాడి అనుమానం చిన్నదేమీ కాదు. ఈ విషయం మీద మన దగ్గర జరిగే వాదనలు చాలావరకు అక్కడే దారి తప్పుతాయి. జీవం మొదట ఎలా పుట్టింది అన్నది ఒక ప్రశ్న. పుట్టిన జీవం ఎలా మారుతూ వచ్చింది, ఎవరికి ఎవరు చుట్టం అన్నది ఇంకో ప్రశ్న, ఈ మార్పునే పరిణామం అంటారు. మొదటిదాని మీద గట్టి వాదన నడుస్తోంది. రెండోది తేలిపోయింది. మొదటిదాంట్లోని అనుమానాన్ని తెచ్చి రెండోదాని మీద వేయడం తప్పు. మా ముత్తాత ఏ ఊరి నుంచి వలస వచ్చాడో మా ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలియదు. అంతమాత్రాన పక్కవీధిలో ఉన్న మా చిన్నతాత మనవళ్లు మాకు దాయాదులు కాకుండా పోతారా?

పుట్టుక గురించిన వాదన నిజంగా రసవత్తరమైనది. ఒక పక్షం సముద్రం అంటుంది, ఇంకో పక్షం చిన్న నీటిగుంటలు అంటుంది. 1924లో రష్యాలో ఒపారిన్, 1929లో ఇంగ్లండులో హాల్డేన్ అనే శాస్త్రవేత్తలు, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండానే ఇంచుమించు ఒకే ఊహ చేశారు. తొలినాటి భూమ్మీద రసాయనాలు నీళ్లలో చేరి, పలచని వేడి చారులా మారాయని, జీవం అందులోంచే వచ్చిందని వాళ్ల ఆలోచన. ఈ హాల్డేనే 1957లో మన దేశానికి వచ్చి, భారత పౌరసత్వం తీసుకుని, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశారు. ఆ ఊహను పరీక్షించడానికి 1953లో అమెరికాలో స్టాన్లీ మిల్లర్ గాజు పాత్రల్లో నీళ్లు, మీథేన్, అమ్మోనియా, హైడ్రోజన్ నింపి కరెంటు మెరుపులు పుట్టిస్తే కొద్ది రోజుల్లోనే ప్రోటీన్లకు ముడిసరుకైన అమినో ఆమ్లాలు తయారయ్యాయి. 1977లో పసిఫిక్ సముద్రంలోని గాలాపగోస్ దీవుల దగ్గర, దాదాపు రెండున్నర కిలోమీటర్ల లోతున వేడినీటి ఊటలు కనిపించాయి. ఎండ పొడ తగలని ఆ చీకట్లో వాటి చుట్టూ గుంపులుగా జీవులు బతుకుతున్నాయి. 2000లో అట్లాంటిక్ అడుగున ఇంకో రకం ఊటలు బయటపడ్డాయి. అక్కడి నీరు మరీ మరిగేంత వేడి కాదు, క్షార గుణం ఉంటుంది. వాటి సున్నపు గోడల్లోని సన్నని రంధ్రాలే తొలి కణాలకు అచ్చులయ్యాయని కొందరు శాస్త్రవేత్తల నమ్మకం.

ఇక రెండో పక్షం. జీవం వేడివేడి చిన్న నీటిగుంటలో మొదలై ఉండొచ్చని డార్విన్ 1871లోనే ఒక స్నేహితుడికి ఉత్తరం రాశాడు. ఈ పక్షంవాళ్లు అడిగే ప్రశ్నలు పదునైనవి. చిన్న అణువులు గొలుసుగా కట్టుకోవాలంటే మధ్యలోంచి నీరు పోవాలి. ఎప్పుడూ నీళ్లలోనే నానుతూ ఉంటే కట్టుకున్న గొలుసు కూడా విడిపోతుంది. అందుకే తడవడం, ఎండడం, మళ్లీ తడవడం కావాలంటారు. ఇంకో సంగతి ఉప్పులది. లీటరు సముద్రపు నీటిలో సోడియం దాదాపు 11 గ్రాములుంటుంది, పొటాషియం అర గ్రాము కూడా ఉండదు. మన కణాల లోపల చూస్తే లెక్క తలకిందులు, పొటాషియందే పైచేయి. జీవం సముద్రంలోనే పుట్టి ఉంటే కణం లోపల ఈ తేడా ఎందుకొచ్చింది? సముద్రం పక్షం దగ్గర దీనికీ జవాబులున్నాయి, కానీ నాకు గుంటల వాదనే కాస్త బలంగా అనిపిస్తుంది.

అది నాకు అర్థమైంది పులికాట్ దగ్గర. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు ఆ సరస్సు మధ్యలోంచే పోతుంది. వానలు పడ్డాక రెండు వైపులా నీళ్లే. నడి ఎండాకాలంలో వెళితే అదే చోట బురద నెర్రెలిచ్చి ఉంటుంది. వంగి ఒక పెచ్చు చేత్తో లేపితే పైన తెల్లటి ఉప్పు పొర, కింద ఇంకా చెమ్మ, చెమ్మలో ఆకుపచ్చటి జిగురు. ఒక్క పెచ్చులో తడి, పొడి, ఉప్పు మూడూ ఉన్నాయి. తొలి భూమి ఇలాగే ఉండేదని కాదు. ఎండేకొద్దీ రసాయనాలు దగ్గరికి ఎలా చేరతాయో మాత్రం కళ్లముందు కనిపిస్తుంది.

ఈ వాదన ఎటు తేలినా మనకూ చేపకూ ఉన్న చుట్టరికం చెక్కుచెదరదు. దాని రుజువులు వేరే చోట ఉన్నాయి. ఆదివారం మార్కెట్‌లో కొన్న చేపను కోయకముందే మావాడి చేతికిచ్చి, చెంప మూత ఎత్తి చూడమన్నాను. లోపల దువ్వెన పళ్లలా ఎర్రటి మొప్పలు, వాటిని మోసే వంపు ఎముకలు. నాలుగు వారాల వయసున్న మనిషి పిండానికి మెడ దగ్గర ఇలాంటి వంపులే వరసగా వస్తాయి. అవి మొప్పలు కావు, అలా చెప్పేవాళ్లు పొరపడుతున్నారు. చేపలో దవడగా, మొప్పలుగా ఎదిగే ఆ వంపులే మనలో దవడ, చెవిలోని బుల్లి ఎముకలు, గొంతుపెట్టె అవుతాయి. గొంతుకు వెళ్లే ఒక నరం ఎడమవైపున మెదడు నుంచి నేరుగా రాకుండా ఛాతీలోకి దిగి, గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం కింద చుట్టుకుని మళ్లీ పైకి ఎక్కుతుంది. చేపలో ఇది దగ్గరి దారే. మెడ పెరిగి, గుండె కిందికి జరిగాక చుట్టుదారి అయింది. 2004లో కెనడా ఉత్తర కొసన దొరికిన టిక్టాలిక్ అనే శిలాజం 37.5 కోట్ల ఏళ్ల నాటిది. చేపలా పొలుసులు, రెక్కలు, ఆ రెక్కల్లో మణికట్టు లాంటి ఎముకలు. ఆ కాలపు రాళ్లలో అలాంటిది ఉండాలని ముందే అనుకుని, వెతికి పట్టుకున్నారు.

"మరి కోతులు ఇంకా ఎందుకున్నాయి?" అన్నది అలిపిరి మెట్లెక్కేటప్పుడు ఎవరో ఒకరు అడగకుండా ఉండరు. మెట్ల మీది కోతి మనకు తాత కాదు, దూరపు దాయాది. చింపాంజీలకూ మనకూ ఉమ్మడి పూర్వీకులు దాదాపు 60-70 లక్షల ఏళ్ల కిందటివాళ్లు. 2018లో అప్పటి కేంద్ర సహాయ మంత్రి సత్యపాల్ సింగ్ కోతి మనిషి కావడం ఎవరూ చూడలేదన్నప్పుడు దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఖండించాల్సి వచ్చింది. 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్స్ పుస్తకంలోంచి పరిణామం పాఠమే పోయింది. "అనువంశికత - పరిణామం" అన్న అధ్యాయంలో అనువంశికత మాత్రం మిగిలింది. ఇంటర్‌లో బయాలజీ తీసుకోని పిల్లలకు ఇక ఈ సంగతి చెప్పేది ఎవరు? నాకు కోపం వచ్చేది ఇక్కడే.

నాగలాపురంలో పెద్దాయన అన్నదాని మీద కూడా ఒక మాట. దశావతారాల్లో పరిణామ క్రమం ఉందన్న పోలిక పాతదే, 1877లో దివ్యజ్ఞాన సమాజం స్థాపకుల్లో ఒకరైన బ్లావట్‌స్కీ రాశారు. గమనించండి, అప్పటికి డార్విన్ పుస్తకం వచ్చి పద్దెనిమిదేళ్లు. చేప, తాబేలు, వరాహం అన్న వరస వినడానికి బాగుంటుంది కానీ పరిణామం నిచ్చెన కాదు, కొమ్మలేసిన చెట్టు. తాబేలు పందిగా మారలేదు. భక్తుడు నాగలాపురంలో దండం పెట్టేది వేదాలను కాపాడిన స్వామికి. ఆ స్వామి చేత జీవశాస్త్రానికి సాక్ష్యం చెప్పించనవసరం లేదు. తిరుమలలో ముందు వరాహస్వామిని దర్శించుకునే ఆచారానికీ డార్విన్‌తో పని లేదు.

సైన్సు కావాలంటే అదే కొండలో ఉంది. ఘాట్ రోడ్డు పక్కన కింద గ్రానైటు, పైన పొరలు పొరలుగా నగరి క్వార్ట్‌జైటు. రెండింటి మధ్య ఒక గీత. ఆ గీత దగ్గర దాదాపు 80 కోట్ల ఏళ్ల చరిత్రకు రాళ్లే లేవని జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా చెబుతుంది, దాన్ని జాతీయ భూగర్భ స్మారకంగా ప్రకటించింది. పైనున్న క్వార్ట్‌జైటు ఒకప్పటి లోతులేని సముద్రపు ఇసుక. ఆ సముద్రంలో చేపలు లేవు, సూక్ష్మజీవులే. అలాంటి సూక్ష్మజీవులు పొరలు పొరలుగా కట్టిన రాతి దిబ్బలు, అంటే స్ట్రొమటోలైట్లు, ఇప్పటికీ కడప జిల్లా వేంపల్లె సున్నపురాళ్లలో కనిపిస్తాయి. ఆ రాళ్ల ముందు మనిషి జాతి వయసు దాదాపు 3 లక్షల ఏళ్లే.

వచ్చే ఎండాకాలం సెలవుల్లో మావాణ్ని, వాడి క్లాసు పిల్లలు ఎంతమంది వస్తే అంతమందినీ వేంపల్లె తీసుకెళ్తానని మాటిచ్చాను. పొద్దున బస్సెక్కితే చీకటి పడేలోపు వెనక్కి వచ్చేయొచ్చు.