అవతలి గట్టు సైకిళ్లకు వదలండి

ఎన్నికల ముందు గోదావరి డెల్టాలో వెలిసే శిలాఫలకాల్లో గట్టు రోడ్డుకు ఎప్పుడూ చోటుంటుంది. ఏటిగట్టు మీద తారు, కాలువ గట్టు మీద సిమెంటు. ఎవరూ అడ్డు చెప్పరు, చెబితే అభివృద్ధికి అడ్డం పడుతున్నాడంటారు. అయినా చెప్పాల్సిందే. అన్ని గట్లకూ తారు అక్కర్లేదు. కొన్నింటిని గ్రావెల్ దారులుగానే ఉంచి, కార్లూ లారీలూ ఎక్కకుండా చేసి, సైకిళ్లకూ నడిచేవాళ్లకూ వదిలేయాలి.

తారు వేసిన మర్నాడు గట్టెక్కేది కారు. ఆరు నెలలకు ఇసుక లారీ. గోదావరి ఏటిగట్లు కట్టింది లారీల కోసం కాదు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర సుమారు 35 లక్షల క్యూసెక్కులు ప్రవహించినప్పుడు గట్టంటే ఏమిటో డెల్టా అంతటికీ తెలిసింది. 2006లో శానపల్లిలంక దగ్గర గండి పడ్డాక మరోసారి గట్లను బలోపేతం చేశారు. అంత ఖర్చుపెట్టి పెంచిన మట్టికట్ట మీద ఇసుక లారీ రోజూ తిరిగితే అంచులు కుంగుతాయి, గాడులు పడతాయి, ఆ గాడుల్లో నిలిచిన నీళ్లు లోపలికి దిగుతాయి. సైకిలు బరువుకు గట్టుకు ఏమీ కాదు.

తారు లేని దారుల్లో, వెనక హారన్ మోత లేకుండా, ఊరికి దగ్గర్లోనే నది పక్కనో అడవి అంచునో పొద్దంతా సైకిలు తొక్కడం పడమటి దేశాల్లో ఇప్పుడు పెద్ద వ్యాపకం. అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో ఎంపోరియా అనే చిన్న ఊళ్లో 2006 నుంచి 200 మైళ్ల గ్రావెల్ పందెం జరుగుతోంది. 2022లో ఇటలీలో దీనికి తొలి ప్రపంచ చాంపియన్‌షిప్ కూడా పెట్టారు. ఇందుకు వాడే గ్రావెల్ సైకిళ్లు మన దగ్గర లక్షకు అటూ ఇటూ పలుకుతాయి. వాటి ప్రత్యేకతల్లో ముఖ్యమైనది టైరు వెడల్పు, సుమారు 35 నుంచి 50 మిల్లీమీటర్లు. మన కొబ్బరికాయల వ్యాపారి తొక్కే పాత సైకిలు టైరు 28 అంగుళాల చక్రానికి అంగుళంన్నర వెడల్పు, అంటే 38 మిల్లీమీటర్లు. కాబట్టి మనకు లేనిది సైకిలు కాదు, కార్లు రాని దారి.

వాషింగ్టన్ నుంచి పొటోమాక్ నది ఒడ్డునే కంబర్లాండ్ దాకా ఒక పాత కాలువ ఉంది. 1850లో పూర్తయింది. పడవలను కంచరగాడిదలు తాడుతో లాగుతూ గట్టు మీద నడిచేవి. 1924 వరదల తర్వాత పడవలు ఆగిపోయాయి. ఆ కాలువ వెంట మోటారు రోడ్డు వేద్దామన్న ప్రతిపాదనను వాషింగ్టన్ పోస్ట్ పత్రిక సమర్థించినప్పుడు, సుప్రీంకోర్టు న్యాయమూర్తి విలియం డగ్లస్ ఆ సంపాదకులను తనతో నడిచి చూడమని సవాలు చేశారు. 1954లో ఆ గట్టు మీద నడిచారు కూడా. రోడ్డు ఆలోచన ఆగింది, 1971లో అది జాతీయ చారిత్రక పార్కయింది. ఇప్పుడు 184.5 మైళ్ల పొడవునా, అంటే దాదాపు 297 కిలోమీటర్లు, కారు అడ్డు రాకుండా సైకిలు మీద పోవచ్చు. మొదలయ్యేది దేశ రాజధాని నడిబొడ్డున.

కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలుపెట్టి 1852కి ముగించాడు. కాలాన్ని బట్టి ఆ కాలువకు ఇది తోబుట్టువే. ఇక్కడి కాలువలూ సాగుకే కాక పడవలకు కూడా తవ్వినవే, అందుకే ఇన్ని లాకులు. ధాన్యం, కలప, మనుషులు అందరూ వాటి మీదే కాకినాడకూ ఏలూరుకూ పోయేవారు. గాలి లేనప్పుడు పడవవాళ్లు గట్టు మీద నడుస్తూ తాడు పట్టి లాగేవారు. రైలూ లారీలూ పడవలను మింగేశాయి కానీ గట్లు అలాగే మిగిలాయి. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల్లో ప్రధాన కాలువలకు చాలాచోట్ల ఒక గట్టు రోడ్డయింది, రెండోది మట్టిదారిగా ఉంది. రాజమండ్రి నుంచి కడియం మీదుగా కాకినాడ వెళ్లే కెనాల్ రోడ్డు మీద బస్సుకీ కాలువకీ మధ్య ఇరుక్కుని సైకిలు తొక్కినవాడికి అవతలి గట్టు విలువ ఎవరూ చెప్పక్కర్లేదు. నా ప్రతిపాదన ఆ రెండో గట్టు గురించే.

డెల్టాలో ఎత్తుపల్లాలు లేవు. ఉన్నదల్లా మధ్యాహ్నం సముద్రం మీంచి వచ్చే ఎదురుగాలి, అది చిన్న కొండతో సమానం. కొబ్బరి నీడ ఉంది, తాగడానికి బొండం ఉంది, ఏరు అడ్డొస్తే సైకిలుతో సహా ఎక్కించుకునే పంటు ఉంది. కోటిపల్లి రేవులో గౌతమి దాటి ముక్తేశ్వరంలో దిగి కోనసీమ అడ్డంగా పోయి, సఖినేటిపల్లి రేవులో వశిష్ట దాటి నరసాపురం చేరడం ఒకరోజు పని. కానీ పేరున్న రోడ్లు పట్టుకుంటే ఆ దారిలో 216 జాతీయ రహదారి ఎదురవుతుంది, అక్కడితో సరదా ముగుస్తుంది.

మట్టిని మట్టిగానే వదిలేయమనడం మాత్రం పట్నవాసం కబురు. ఒక్క వానకే ఒండ్రుమట్టి చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య కూరుకుని సైకిలును భుజానికెత్తుకోవాలి. ఎర్ర గ్రావెల్ పరిచి, నడుమ కాస్త ఎత్తు వచ్చేలా రోలరు తొక్కించి, ఏటా వానలయ్యాక గుంటలు పూడ్చాలి. ఆ గ్రావెల్ కూడా మెట్టలో ఏదో ఒక కొండను తవ్వి తెచ్చేదే. కాబట్టి మీటరున్నర, రెండు మీటర్ల వెడల్పు చాలు. వెడల్పు పెంచితే మళ్లీ కారే వస్తుంది.

లంక గ్రామాలవాళ్లు ఇది చదివి కోప్పడితే తప్పులేదు. గర్భిణిని ఆస్పత్రికి తీసుకెళ్లడానికి గట్టు తప్ప దారిలేని ఊరికి తారు వేయాల్సిందే, అంబులెన్సు పోవాల్సిందే. గట్టు కింద సమాంతరంగా పంచాయతీ రోడ్డు ఉన్నచోట పైన రెండో తారు రోడ్డు ఎవరి కోసం అన్నదే నా ప్రశ్న. రెండు కేసులనూ ఒకే ఎస్టిమేట్‌లో కలిపేయడం వల్లే వాదన చెడుతోంది.

దీన్ని ఆదివారం హెల్మెట్లు పెట్టుకుని తిరిగే క్లబ్బుల కోరికగా చూడటం కూడా పొరపాటే. ఆ క్లబ్బులవాళ్లకు నోరుంది కాబట్టి వాళ్లు కనిపిస్తారు. హైస్కూలుకు పోయే ఆడపిల్లలకు ప్రభుత్వాలు సైకిళ్లు పంచాయి గానీ, వాటిని భయం లేకుండా తొక్కే దారి పంచలేదు. వరి కోతకు పోయే కూలీ, చేపల బుట్ట కట్టుకుని పోయే మనిషి, కల్లుగీత కార్మికుడు ఈ గట్ల మీద ఇప్పటికే ఉన్నారు. దారి ముందు వాళ్లది.

అమలు కష్టమేమీ కాదు. గట్టెక్కే ప్రతి ర్యాంపు దగ్గరా సిమెంటు దిమ్మెలు, వాటి మధ్య తాళం వేసిన గేటు, తాళంచెవి గట్టు, కాలువ చూసుకునే ఇరిగేషన్ లస్కరు దగ్గర. వరదప్పుడు జీపు పోవాలంటే తీస్తాడు. మోటారు సైకిళ్లను దిమ్మెలు ఆపలేవు, ఆపుతామని బుకాయించడం అనవసరం. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక ఇవ్వగానే ఏటిగట్టు దారులు మూసేయాలి, అప్పుడు గట్టు కాపలావాళ్లది. కోతల రోజుల్లో రైతు గట్టు మీద ధాన్యం ఆరబెడితే సైకిలువాడే దిగి నడవాలి.

నాకు అసలు భయం వేరే ఉంది. సెంటు జాగా లేనివాళ్లు తరాలుగా కాలువ గట్ల మీదే గుడిసెలు వేసుకుని ఉన్నారు. సుందరీకరణ అన్న మాట వినపడగానే ముందు కూలేవి అవే. సైకిలు దారి పేరుతో ఒక్క ఇల్లు తీయాల్సి వచ్చినా ఆ ముక్క వదిలేసి కింద రోడ్డు మీదుగా పోవాలి. పూలకుండీలు, ఐ లవ్ బోర్డులు, రంగు దీపాలు కూడా వద్దు, గ్రావెల్‌కు కావలసిన డబ్బు వాటికే పోతుంది.

మొదలెట్టడానికి రెండు చోట్లు చాలు. రాజమండ్రి దగ్గర గోదావరి మీద 1900లో తెరిచిన హేవలాక్ రైలు వంతెన మీద 1997లో రైళ్లు ఆగిపోయాయి. అఖండ గోదావరి ప్రాజెక్టులో దాన్ని పర్యాటకానికి మలుస్తామంటున్నారు. తిండి దుకాణాలతో నింపకుండా సైకిలు ఇవతలి నుంచి అవతలికి దాటేలా ఉంచితే రాజమండ్రికి కొవ్వూరు వైపు గట్లు దగ్గరవుతాయి. రెండోది కాకినాడ నుంచి కోరంగి మడ అడవుల వైపు. అక్కడ దారి అభయారణ్యం అంచునే ఆగాలి, సైకిలుకు తాళం వేసి చెక్కవంతెన మీద నడిచే వెళ్లాలి. ఇక కాలువ గట్ల విషయానికొస్తే, ఏటా వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు పూడిక, లాకుల మరమ్మతు పనులు ఎలాగూ చేపడతారు. రెండో గట్టుకు గ్రావెల్, దిమ్మెలు అన్న రెండు పద్దులు ఆ ఎస్టిమేట్లలోనే చేర్చాలి. అవి తయారయ్యేది కాలువలు కట్టేయక ముందే, కాబట్టి నీటి సంఘాల రైతులూ సర్పంచులూ ఇంజినీర్లను అడగాల్సింది ఈ చలికాలంలోనే.