చుక్కల మందు వేశాక కూడా చెవి కారుతుంటే

పిల్లల్లో చెవి కారడం చాలా మామూలు జబ్బు. చుక్కల మందు వేస్తాం, తగ్గుతుంది, మళ్లీ జలుబు చేస్తే మళ్లీ మొదలు. చాలామందికి కథ అక్కడితో సరి. నా బాధంతా మిగిలిన కొద్దిమంది గురించే, ఎందుకంటే అరుదైన జబ్బు కూడా మొదట్లో ఈ మామూలు చెవి జబ్బులాగే కనిపిస్తుంది.

ఒక్కోసారి అసలు ఏమీ కనిపించదు కూడా. పుట్టుకతో వచ్చే కొలెస్టియాటోమానే చూడండి. కర్ణభేరికి చిల్లు ఉండదు, చీము రాదు, నొప్పి ఉండదు, దాని వెనక మాత్రం ముత్యంలా తెల్లటి గడ్డ పెరుగుతూ లోపలి చిన్న ఎముకల్ని తినేస్తుంటుంది. పిల్లాడు ఫోన్‌ని ఎప్పుడూ ఒకే చెవికి మార్చుకుంటున్నాడంటే ఇంట్లోవాళ్లకి అదే మొదటి సూచన కావచ్చు.

ఇంకా భయపెట్టేది మెనింజైటిస్, అంటే మెదడు పొరల వాపు, మళ్లీ మళ్లీ రావడం. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే నత్తగుల్లలాంటి కాక్లియా రెండున్నర చుట్లు తిరగాల్సింది కొందరిలో ఒకటిన్నర దగ్గరే ఆగిపోతుంది. 1791లోనే ఇటలీ వైద్యుడు కార్లో మొండిని దీన్ని వర్ణించాడు. అలాంటి చెవి గోడలో సందు ఉంటే మెదడు చుట్టూ ఉండే ద్రవం మధ్య చెవిలోకి, అక్కణ్నుంచి ముక్కులోకి కారుతుంది, మనం జలుబు అనుకుంటాం, అదే దారిలో క్రిములు పైకి పోతాయి. యాంటీబయాటిక్ ప్రాణం కాపాడుతుంది గానీ ఆ దారి తెరుచుకునే ఉంటుంది, దాన్ని ఆపరేషన్‌తో మూయాల్సిందే. అందుకే మెనింజైటిస్ రెండోసారి వచ్చిందంటే చెవికి, పుర్రె అడుగు భాగానికి సీటీ, ఎంఆర్‌ఐ తీయకుండా బిడ్డను ఇంటికి పంపకూడదనేది నా గట్టి అభిప్రాయం. ముక్కు నుంచి కారే నీటిలో బీటా-2 ట్రాన్స్‌ఫెరిన్ అనే, మెదడు చుట్టూ ఉండే ద్రవాన్ని గుర్తుపట్టించే ప్రోటీన్ ఉందేమో చూస్తే అది ఉత్త జలుబో కాదో తేలిపోతుంది.

చెవిలో మందులకు లొంగని కండ పెరిగినా, మూతి ఒకవైపు వంకరపోయినా చిన్న ముక్క తీసి బయాప్సీ చేయించాలి. లాంగర్‌హాన్స్ సెల్ హిస్టియోసైటోసిస్ (ఒక రకం రక్షణ కణాలు అతిగా పెరిగే జబ్బు) అయితే చాలాసార్లు పెద్ద ఆపరేషన్ కంటే కీమోథెరపీయే దారి. రాబ్డోమయోసార్కోమా అనే కండరాల క్యాన్సర్ అయితే ఆలస్యమైన ప్రతి వారమూ నష్టమే. ఈఎన్‌టీ, న్యూరోసర్జన్, రేడియాలజిస్ట్, వినికిడి పరీక్షించే ఆడియాలజిస్ట్ ఒకచోట కూర్చుని మాట్లాడుకోవాలి తప్ప, తల్లిదండ్రులు ఫైలు పట్టుకుని గదిగదికీ తిరగడం ఏం పద్ధతి?

ఇంకో మాట. చెవి రంధ్రమే మూసుకుపోయి పుట్టిన బిడ్డకు ఆపరేషన్ సంగతి తేలడానికి ఏళ్లు పట్టవచ్చు. లోపలి చెవి బాగుంటే ఈలోగా తలకు మెత్తటి బ్యాండ్‌తో కట్టే బోన్ కండక్షన్ పరికరం (ఎముక ద్వారా శబ్దాన్ని లోపలి చెవికి చేర్చేది) నెలల వయసులోనే పెట్టొచ్చు, కోత అక్కర్లేదు. ఈ విషయం తల్లిదండ్రులకు మొదటి రోజే చెప్పండి.