పది నిమిషాల ఉన్నత విద్య

ముందుగా ఒక మనవి. ఈ వ్యాసకర్త ఉన్నత విద్యలో ప్రవేశం అనే అంశంలో నిపుణుడు. అనుమానం ఉంటే మా యూనివర్సిటీ టైంటేబుల్ చూసుకోవచ్చు. మంగళ, గురువారాలు, ఉదయం పదకొండు గంటలకు, తొమ్మిదో నంబరు గది. రెండు ఫ్యాన్లు, అందులో ఒకటి తిరుగుతుంది. ఎడ్యుకేషన్ పీజీ పిల్లలు పద్నాలుగు మందికి ‘కళాశాల విద్యలో ప్రవేశం, సాఫల్యం’ అనే నాలుగు క్రెడిట్ల పేపరు చెబుతాను. పేదింటి పిల్ల కాలేజీ గడప ఎలా ఎక్కుతుంది, ఎక్కిన పిల్ల మధ్యలో ఎందుకు దిగిపోతుంది, దిగకుండా ఉండాలంటే ఏం చెయ్యాలి అనే మూడు ప్రశ్నలకూ నా దగ్గర పవర్‌పాయింట్ ఉంది. అందులో బాణం గుర్తులు కూడా ఉన్నాయి.

ఇంతటి నిపుణుణ్ణి పట్టుకుని మా వీధి పిల్ల ఒకతె, “మాస్టారూ, ప్లస్ త్రీ అడ్మిషన్‌కి ఇవాళే లాస్ట్ డేట్. కాస్త నెట్ సెంటర్ దాకా వస్తారా?” అని అడిగింది. (ఒడిశాలోని మా బరంపురంలో డిగ్రీని ప్లస్ త్రీ అంటాం. ఇంటర్ ప్లస్ టూ. ఇచ్ఛాపురం దాటి ఇటు వచ్చినవాళ్లు మొదట నేర్చుకోవలసిన ముక్క ఇదే.) ఆ పిల్ల పేరు లక్ష్మి అనుకుందాం. సీటు వచ్చింది. కాలేజీ ఇంటికి రెండు కిలోమీటర్లు. లిస్టులో పేరు చూసి తల్లి పక్కింటికి పాయసం పంపింది. ఇక మిగిలింది ‘కన్‌ఫర్మ్’ అనే ఒక్క బటన్ నొక్కడం.

ఆఖరి రోజు దాకా ఏం చేశారని అడగబోయే పెద్దమనుషులకు ఇక్కడే జవాబు చెప్పేస్తాను. ఆధార్‌లో లక్ష్మికి కె, ఎస్, హెచ్ ఉన్నాయి. మార్కుల మెమోలో ఎక్స్ ఉంది. మన లక్ష్మీదేవి ఆంధ్రాలో మూడక్షరాల మీద కూర్చుంటుంది, ఒడిశాలో ఒక్క ఎక్స్ మీద కూర్చుంటుంది. మా గంజాం జిల్లా 1936 ఏప్రిల్ 1న మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఒడిశాలోకి వచ్చింది. తెలుగువాళ్ల స్పెల్లింగులు మాత్రం ఇంకా దారిలోనే ఉన్నాయి. ఈ ఇద్దరు లక్ష్ములూ ఒక్కరే అని నోటరీ దగ్గర ప్రమాణం చేయించేసరికి వారం, ఆదాయ ధ్రువపత్రం చేతికొచ్చేసరికి ఇంకో వారం. అవి ఇంకెప్పుడైనా రాస్తాను. ఇవాళ్టి కాలమ్ ఓటీపీ గురించి.

ఓటీపీ అంటే ఆరు అంకెలు, పది నిమిషాల ఆయుష్షు. ఆధార్‌కి ఇచ్చిన నంబరు తండ్రిది. ఆ సిమ్ము తండ్రి జేబులో ఉంది. తండ్రి సూరత్‌లో ఉన్నాడు. గంజాం వాళ్లకి సూరత్ గురించి వేరే చెప్పాలా? వీధికొకరైనా అక్కడుంటారు. ఈయన పూర్వులు చేతిమగ్గం మీద బరంపురం పట్టు నేసినవాళ్లు. అంచున గుడి గోపురాల్లా ఫోడా కుంభ అనే డిజైన్ వేసే ఆ చీరకి జీఐ (భౌగోళిక గుర్తింపు) ట్యాగ్ కూడా ఉంది. నేసినవాడికి ఏ ట్యాగూ లేదు కాబట్టి ఆయన అహ్మదాబాద్ రైలెక్కి, సూరత్ పవర్‌లూమ్‌లో పన్నెండు గంటల షిఫ్టులో పాలియెస్టర్ నేస్తున్నాడు. మగ్గాలు నడుస్తుంటే పక్కవాడి మాట కూడా వినపడదు, అంతా చేతి సైగలే.

నెట్ సెంటర్ కుర్రాడు ఒడియా వాడు, చాలా మంచివాడు. ఫారం అంతా నింపి, మా వైపు తిరిగి, “ఆజ్ఞా, ఓటీపీ” అన్నాడు. (ఆజ్ఞా అంటే ఒడియాలో ‘అండీ’ అని.)

మొదటి ఓటీపీ వెళ్లింది. మేం ఫోన్ చేశాం. మోగింది, మోగింది, ఆగింది. పది నిమిషాలు అయిపోయాయి. రెండోది వెళ్లింది. ఈసారి ఎత్తాడు.

“ఏటమ్మా, ఈ యేళప్పుడు?”

“నాన్నా, మెసేజీ వచ్చింది చూడు. అందులో నంబరు చెప్పు.”

“ఏ నంబరు?”

“ఓటీపీ.”

అటు నుంచి మగ్గాల చప్పుడు తప్ప ఏమీ లేదు. తర్వాత, “ఓటీపీ ఎవులికీ సెప్పొద్దని బేంకోళ్లు సెప్పినారు కదే!” అన్నాడు.

పాఠకులారా, ఈ దేశంలో ప్రభుత్వం చెప్పిన మాట అక్షరాలా పాటించిన పౌరుణ్ణి ఆ రోజు నా చెవులతో విన్నాను. లక్ష్మి ఎంత చెప్పినా వినడు. కూతురి గొంతుతో మాట్లాడే మోసగాళ్లు కూడా వచ్చారని వాళ్ల గదిలో ఎవరో చెప్పారట. ఇక లాభం లేదని నేను ఫోన్ తీసుకుని, “నేనండీ, మీ వీధి మాస్టార్ని” అన్నాను.

“మొన్నొకడు బేంకు మేనేజర్నన్నాడు. నువ్వు మాస్టారివా?”

“అవునండీ.”

“అయితే మా ఇంటి ముందు సెట్టేటి?”

“వేప.”

“మా ఆవిడ ఊరు?”

“సోంపేట.”

“మా గుంటడు కిందటేడు ఎక్కడ పడ్డాడు?”

“మా మేడ మెట్ల మీదే. కుట్లు వేయించింది నేనే.”

నేను పీహెచ్‌డీ వైవాలో ఇంత చెమటలు కక్కలేదు. అక్కడ ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ మధ్యలో టీ తాగాడు, ఈయన తాగలేదు. చివరికి నేను పాసయ్యాను. “సరే, మాస్టారే. రాసుకోండి” అన్నాడు. అప్పటికి పదకొండో నిమిషం.

మూడోది వెళ్లింది. ఇప్పుడు తండ్రి సిద్ధం, కూతురు సిద్ధం, కుర్రాడు సిద్ధం. దారి ఏమిటంటే, తండ్రి మగ్గాల మధ్య నుంచి తెలుగులో అరుస్తాడు, కూతురు దాన్ని ఒడియాలో చెబుతుంది, కుర్రాడు కీబోర్డు మీద కొడతాడు.

“నాలుగు!”

“చారి.”

“ఏడు!”

లక్ష్మికి అప్పటికే గొంతులో అడ్డం పడుతోంది. “వినపడలేదు నాన్నా.”

“ఏడు! ఏడమ్మా, ఏడు!”

“ఏడవట్లేదు నాన్నా!”

“ఏడవమంటం లేదే! ఏడు! ఆరు తర్వాత ఏడు!”

“ఆరు తర్వాతా? మరి ఆరేదీ?”

పెన్షన్ వేలిముద్ర కోసం బల్ల మీద కూర్చున్న మన తెలుగు ముసలమ్మ ఒకామె ఇదంతా వింటోంది. ఆవిడ ఊరుకోలేకపోయింది. లేచి వచ్చి ఫోన్లోకి వంగి, “ఏం తండ్రివయ్యా, ఎదిగిన పిల్లని అంతలా ఏడు ఏడు అంటావా?” అని కేకేసి, లక్ష్మి తల కడుపుకి హత్తుకుని, తన కూతురో మనవరాలో ఎవరు గుర్తొచ్చారో, తనే ఏడవడం మొదలెట్టింది. పోర్టల్‌కి ఇవేమీ తెలియవు. అది మూల నుంచి ఎర్రంకెల్లో సెకన్లు లెక్కపెట్టుకుంటోంది.

నాలుగోది వెళ్లింది. ఈసారి అన్నీ సవ్యంగా సాగాయి. చారి, సాత, శూన. నాలుగో అంకె దగ్గర టెన్షన్‌లో లక్ష్మి ఒడియా మరిచిపోయి తెలుగులో “ఆరు” అంది. కుర్రాడికి అది ‘ఆఠ’ అని వినపడింది. ఆఠ అంటే ఒడియాలో ఎనిమిది. కొట్టాడు. ‘ప్రయత్నాలు మించిపోయాయి. 24 గంటల తర్వాత ప్రయత్నించండి’ అని తెర మీద వచ్చింది. గడువు ఆ రాత్రి పన్నెండు వరకే.

మర్నాడు గురువారం. పదకొండు గంటలకు నాకు క్లాసు. పాఠం విన్సెంట్ టింటో సిద్ధాంతం.

1975లో టింటో అనే అమెరికన్ పండితుడు పిల్లలు కాలేజీ ఎందుకు వదిలేస్తారో వివరించాడు. సమాజంలో ఇమడలేనివాడు ఆత్మహత్య చేసుకుంటాడన్న ఫ్రెంచి సామాజికవేత్త డర్క్‌హైమ్ వాదాన్ని తీసుకొచ్చి కాలేజీకి అతికించాడు. చదువులోనూ తోటివాళ్లలోనూ ఇమడలేని పిల్ల వెళ్లిపోతుందన్నమాట. పాత ఇల్లు వదలడం, మధ్య దశ, కొత్త చోట కలిసిపోవడం అని దశలు కూడా తర్వాత చేర్చాడు. మనకిది కొత్తేమీ కాదు, అప్పగింతలు అంటాం. సిద్ధాంతం మీద నాకు గౌరవమే. కాకపోతే ఇమడడానికి ముందు లోపలికి రావాలి. నా స్లైడులో ‘కుటుంబ నేపథ్యం’ అనే డబ్బా నుంచి ‘కాలేజీ’ అనే డబ్బాకి ఒక బాణం ఉంది. ఏడేళ్లుగా చెబుతున్నాను, ఆ బాణం సూరత్ మీదుగా వెళ్తుందని నాకు తోచనే లేదు.

తర్వాతి స్లైడు ఇంకా బాగుంటుంది. సీటొచ్చి, సంబరాలయ్యాక, కాలేజీ తెరిచే రోజుకి కనపడకుండా పోయే పిల్లలకి అమెరికాలో ఒక పేరుంది, ‘సమ్మర్ మెల్ట్’. వేసవిలో పుల్ల ఐసులా కరిగిపోతారని. పేదింటి పిల్లలే ఎక్కువ కరుగుతారు. దీనికి బెన్ కాసిల్‌మన్, లిండ్సే పేజ్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక మందు ప్రయత్నించారు. ఎండాకాలమంతా ఆ పిల్లల ఫోన్లకి చిన్న చిన్న ఎస్ఎంఎస్‌లు పంపారు. ఫలానా ఫారం నింపావా, ఫలానా తేదీ మరిచిపోకు, సాయం కావాలంటే జవాబివ్వు. అంతే. కొన్ని చోట్ల చేరినవాళ్ల సంఖ్య పెరిగింది కూడా. ఏటా ఈ స్లైడు దగ్గర నేను కాస్త ఆగి, ఒక్క మెసేజీతో ఒక జీవితం మారుతుందని గంభీరంగా అంటాను. ఆ గురువారం కూడా అన్నాను. అలవాటు.

అమెరికా వాళ్లని మరీ నెత్తినెక్కించుకోకండి. 1965లో అధ్యక్షుడు జాన్సన్ తను చదువుకున్న కాలేజీకే వెళ్లి ఉన్నత విద్యా చట్టం మీద సంతకం చేశాడు. పేద పిల్లలకి తలుపులు తెరిచామన్నాడు. ఆ తలుపుకి తర్వాత నూటికి పైగా ప్రశ్నలున్న ఎఫ్ఏఎఫ్ఎస్ఏ అనే ఆర్థిక సాయం ఫారం తగిలించారు. ఇన్ని ప్రశ్నలేమిటని దాన్ని కుదించి, 2023 డిసెంబరు ఆఖర్లో కొత్త ఫారం తెచ్చారు. తీరా చూస్తే, తల్లికో తండ్రికో సోషల్ సెక్యూరిటీ నంబరు (మన ఆధార్ లాంటిది) లేని పిల్లలు చాలామంది మొదట్లో ముందుకెళ్లలేకపోయారు. ఇది చదివిన రోజు నాకు బరంపురం మీద చెప్పలేనంత గర్వం కలిగింది. నాన్న నంబరు దగ్గర పిల్లని ఆపడంలో మనం ప్రపంచ స్థాయి అందుకున్నాం.

మన పక్కనే పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి గారని ఒక మాస్టారు ఉండేవారు. సవర పిల్లలకి చదువు అందాలని ముందు తనే సవర భాష నేర్చుకుని, వాచకాలు రాసి, సొంత డబ్బుతో బళ్లు పెట్టారు. పాపం, ఆయనకి ప్రవేశం మీద నాలుగు క్రెడిట్ల పేపరు లేదు. పిల్ల దగ్గరికి బడే నడిచి వెళ్లాలనుకున్నారు.

ఇక అసలు సంగతికి వస్తాను. నెల తర్వాత ఖాళీ సీట్ల మీద ఒక మీటింగు జరిగింది. సమోసా, టీ, రెండు బిస్కెట్లు. ప్రవేశ నిపుణుణ్ణి కాబట్టి నన్నూ పిలిచారు. 2020 జాతీయ విద్యా విధానం ప్రకారం 2035 నాటికి ఉన్నత విద్యలో స్థూల నమోదు నిష్పత్తి (కాలేజీ వయసు జనాభాతో పోలిస్తే చేరినవాళ్ల లెక్క) 50 శాతానికి చేరాలి. 2021-22 అఖిల భారత ఉన్నత విద్యా సర్వేలో అది 28.4. మిగతా 21.6 శాతం ఎక్కడుందో ఎవరికీ తెలియడం లేదని అందరూ చింతించారు. తర్వాత సీటొచ్చీ చేరని వాళ్ల జాబితా తెర మీద వేశారు. పేరు, మార్కులు, కారణం. కారణానికి నాలుగే ఎంపికలు: పెళ్లి, ఉద్యోగం, వేరే కాలేజీ, ఆసక్తి లేదు. లక్ష్మి పేరు ఎక్స్‌తో ఉంది. ఎదురుగా ‘ఆసక్తి లేదు’.

ఎవరికి లేదు ఆసక్తి? తెల్లవారుజామున నాలుగింటికి లేచి, తల్లి టిఫిన్ బండికి పిండి రుబ్బి, అదే బండి పక్కన స్టూలు మీద కూర్చుని ప్లస్ టూ చదివి 78 శాతం తెచ్చుకున్న పిల్లకా? ఒక్క ‘ఎక్స్’ కోసం నోటరీ గుమ్మంలో నాలుగు రోజులు నిలబడిన పిల్లకా? షిఫ్టులో ఫోన్ పట్టుకున్నందుకు ఆ రోజు కూలి కోయించుకున్న తండ్రికా? ఆ గదిలో కూర్చున్నవాళ్లలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, ఆ పిల్లకి ఫోన్ చేసి అడిగారా? జాబితాలో నంబరు ఉంది కదా! అవును, ఉంది. తండ్రి నంబరు. సిగ్గు లేకపోతే సరి. సమోసా తింటూ ఒక పద్దెనిమిదేళ్ల పిల్ల మీద అబద్ధం రాశారు, సంతకాలు పెట్టారు. నేనూ లేచి అరవలేదు. “సార్, ఇందులో ‘ఇతరములు’ అని ఇంకో ఆప్షన్ పెడితే బాగుంటుందేమో” అన్నాను. నా సూచనని మినిట్స్‌లో రాసుకున్నారు.

లక్ష్మి ఇప్పుడు బడాబజారులో చీరల కొట్లో ఉంది. మడతలు బాగా పెడుతుందని యజమాని మెచ్చుకుంటాడు. వచ్చే ఏడు మళ్లీ అప్లై చేస్తానంటోంది. ‘ఏడు’ అన్నప్పుడు తనే నవ్వుతుంది.

ఆ లాస్ట్ డేట్ రాత్రి మాట ఒకటి మిగిలింది. పన్నెండు దాటి పావుగంట అయి ఉంటుంది, నా ఫోన్ మోగింది. సూరత్.

“మాస్టారూ, తప్పుగా అనుకోకండి. పొద్దున్న మిమ్మల్ని నమ్మలేకపోయాను.”

“ఫర్వాలేదండీ.”

“నాలుగు మెసేజీలూ ఉంచినాను. ఒక్కటీ చెరపలేదు. ఏది పనికొస్తాదో నాకు తెలీదు గదా, అన్నీ సెప్తాను. పెన్నుందా?”

నేను మర్నాటి క్లాసు కాగితం వెనక్కి తిప్పాను.

“ఉంది, చెప్పండి.”

“నిదానంగా రాసుకోండి. ఇప్పుడిక్కడ సప్పుడు లేదు” అని, మొదటి అంకె దగ్గర్నుంచి మొదలుపెట్టాడు.