గ్యాసు మారిందట, అప్పా!

(విశాఖపట్నం, ఎం.వి.పి. కాలనీ. కింది వాటాలో రసాయనశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన వరాహలక్ష్మి గారు, పై వాటాలో బ్యాంకు ఉద్యోగం నుండి విరమించిన ఆమె తమ్ముడు సింహాద్రి గారు నివసిస్తున్నారు. కింది హాలులోని ఏసీని హుద్‌హుద్ తుపాను మరుసటి వేసవిలో ఇద్దరూ చెరి సగం వేసుకుని కొన్నారు కాబట్టి, దాని చల్లదనం మీద ఇద్దరికీ హక్కు ఉంది, దాని మరమ్మతు ఖర్చు మీద ఇద్దరికీ తగవు ఉంది. మే నెల మధ్యాహ్నం. ఏసీ నడుస్తోంది. హాలు మాత్రం చల్లబడడం లేదు.)

సింహాద్రి: అప్పా, ఆ రిమోటును ఇంకా ఎంతసేపు నొక్కుతావు? పక్కన పెట్టి నా మాట విను. డల్లాసు నుండి మావాడు పొద్దున ఫోన్ చేశాడు. 2025 జనవరి 1 నుండి ఏసీలలో పాత గ్యాసును నిషేధించారట. మన యంత్రం ఇప్పుడు చట్టవిరుద్ధం. అధికారులెవరైనా వచ్చి చూడకముందే పెరటి గోడ మీది అవుట్‌డోర్ యూనిట్‌కు ఒక దుప్పటి కప్పుదామనుకుంటున్నాను.

వరాహలక్ష్మి: ఒరేయ్, వాడు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజమే అయి ఉంటుంది, నీ చెవిన పడింది మాత్రం నూటికి పది పాళ్లే. అది అమెరికా నిబంధన. 2020 డిసెంబరులో వాళ్లు చేసుకున్న ఒక చట్టాన్ని పట్టుకుని, వాళ్ల పర్యావరణ పరిరక్షణ సంస్థ, ఇళ్లలో పెట్టే కొత్త ఏసీలలోని గ్యాసు భూమిని వేడెక్కించే శక్తి 700 అంకెను దాటకూడదని గీత గీసింది. ఆ గీతకు నీ దుప్పటితో గాని, మన పెరటి గోడతో గాని ఏ సంబంధమూ లేదు.

సింహాద్రి: 700 ఏమిటి? రూపాయలా?

వరాహలక్ష్మి: బ్యాంకులో ముప్పై ఏళ్లు కూర్చుంటే ప్రతి అంకె వెనుకా రూపాయే కనబడుతుంది కాబోలు. వందేళ్ల కాలంలో ఒక కిలో బొగ్గుపులుసు వాయువు భూమిని ఎంత వేడెక్కిస్తుందో దానిని ఒకటి అనుకో. ఆ లెక్కన వాళ్లు ఇన్నాళ్లూ వాడిన ఆర్-410ఏ అనే గ్యాసు బలం 2088. అందుకే దాని బదులు 466 ఉన్న ఆర్-454బి గాని, 675 ఉన్న ఆర్-32 గాని వాడుతున్నారు. అక్కడ కూడా పాత యంత్రాన్ని ఇంట్లోంచి ఊడబెరకమని ఎవరూ అనలేదు. ఉన్నదానిని బాగు చేయించుకోవచ్చు, దాని గ్యాసునే మళ్లీ నింపించుకోవచ్చు. కొత్తది పెట్టించుకునేవాళ్లకే ఆ గీత.

సింహాద్రి: (కాస్త నిరాశగా) అయితే అధికారులు రారన్నమాట. సరే, మనదానిలో ఉన్న గ్యాసు బలం ఎంత?

వరాహలక్ష్మి: మనది ఆర్-22. దాని బలం 1810.

(ఈ మాట ఆమె ఎంతో నిబ్బరంగా అన్నారు. అవుట్‌డోర్ యూనిట్ మీద అతికించిన పట్టీని ఆమె గాని, తమ్ముడు గాని ఇంతవరకూ చదివిన పాపాన పోలేదన్న సంగతిని పాఠకులు ప్రస్తుతానికి మనసులో ఉంచుకుంటే చాలు.)

సింహాద్రి: అంత బలమా! మరి మన దేశంలో దానిని నిషేధించలేదా?

వరాహలక్ష్మి: దానికి వేరే కథ ఉంది. ఆర్-22 భూమిని వేడెక్కించడమే కాదు, పైనున్న ఓజోన్ పొరను కూడా తినేస్తుంది. అందుచేత అది 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం కిందికి వస్తుంది, అందులో మనం 1992లో చేరాం. ఆ ఒప్పందం ప్రకారం మన దేశంలో అలాంటి గ్యాసులతో కొత్త యంత్రాలు తయారు చేయడం 2024 డిసెంబరు 31తో ముగిసింది. 2030 నాటికి వాడకం దాదాపు సున్నాకు రావాలి. ఆ తర్వాత 2040 వరకు పాత యంత్రాల మరమ్మతుల కోసం కొద్దిపాటి సరుకు మిగులుతుంది. తయారీదారుకు పెట్టిన ఆంక్షను నువ్వు నీ మెడకు చుట్టుకోవద్దు. ఇంట్లో ఉన్న యంత్రాన్ని వాడుకోకూడదని ఏ నిబంధనా అనడం లేదు.

సింహాద్రి: సరుకు తగ్గిపోతుందని నువ్వే ఒప్పుకున్నావు కదా! అందుకే నేను ముందుచూపుతో మన మెకానిక్‌కు రెండు వేలు బయానా ఇచ్చి, ఒక ఆర్-22 సిలిండరు తెచ్చి మేడమెట్ల కింద పెట్టమన్నాను. ఏటా మనం గ్యాసు కొట్టించుకోవాలి కదా. అందులో వెయ్యి నీ వాటా.

వరాహలక్ష్మి: నా వాటానా! నన్ను అడగకుండా నా వాటా ఎలా అయింది? అసలు ఏటా గ్యాసు ఎందుకు కొట్టించాలిరా?

సింహాద్రి: స్కూటరుకు పెట్రోలు ఎందుకు పోయిస్తాం? నడిస్తే అయిపోతుంది కనుక.

వరాహలక్ష్మి: ఏసీలో గ్యాసు ఖర్చయ్యే వస్తువు కాదు. లోపలి కాయిల్‌లో ఆవిరై గదిలోని వేడిని లాక్కుంటుంది, కంప్రెసర్ దానిని బయటికి నెట్టాక, బయటి కాయిల్‌లో ఆ వేడిని వదిలిపెట్టి మళ్లీ ద్రవమవుతుంది. మూసిన గొట్టాలలో అదే గ్యాసు యంత్రం ఆయుష్షంతా తిరుగుతూనే ఉంటుంది. ఏటా తగ్గుతోందంటే ఎక్కడో కారుతోందని అర్థం. సముద్రానికి ఇంత దగ్గరగా ఉన్నాం కదా, ఉప్పు గాలి ఆ కాయిల్ అతుకులను, రేకులను కొరికేస్తూ ఉంటుంది. కారే చోటును వెతకకుండా పైన పోయించడమంటే, చిల్లు కుండను నూతి దగ్గర పెట్టుకుని కూర్చోవడమే. నీ రెండు వేలు గాలిలో కలుస్తాయి, ఓజోన్ పొర కూడా నిన్ను తిట్టుకుంటుంది.

సింహాద్రి: మన మెకానిక్ చాలా మంచివాడు. పదిహేను నిమిషాలలో పని ముగించి వెళ్లిపోతాడు.

వరాహలక్ష్మి: ఆ పదిహేను నిమిషాలే నాకు అనుమానం. సరిగ్గా చేసేవాడు ముందు గొట్టాలలో నత్రజని నింపి, ఒత్తిడి నిలుస్తుందో లేదో చూసి, అతుకుల మీద సబ్బు నురుగు పూసి బుడగలు ఎక్కడ లేస్తున్నాయో కనిపెడతాడు. అక్కడ అతికిన తర్వాత వాక్యూమ్ పంపు పెట్టి లోపలి గాలిని, తేమను లాగేస్తాడు. చివరన త్రాసు మీద సిలిండరును పెట్టి, పట్టీ మీద ఎన్ని గ్రాములని రాసి ఉంటే అన్ని గ్రాములే ఎక్కిస్తాడు. మీవాడు త్రాసు తెచ్చాడా?

సింహాద్రి: చెయ్యి పెట్టి చూసి, చల్లగా ఉందంటాడు.

వరాహలక్ష్మి: జ్వరం చూసినట్టు.

సింహాద్రి: అయినా ఈ గొడవంతా లేకుండా అతడే ఇంకో ఉపాయం చెప్పాడు. ఇప్పుడు కొత్త యంత్రాలన్నిటిలో ఆర్-32 వస్తోందట కదా. పాత గ్యాసు పూర్తిగా వదిలేసి, ఇదే యంత్రంలో ఆ కొత్త గ్యాసు నింపేస్తే, కొత్త ఏసీ కొన్నట్టే అవుతుందట. నాకు ఈ ఆలోచన ఎంతో నచ్చింది.

వరాహలక్ష్మి: (లేచి నిలబడి) నీకు నచ్చిందా! ఆర్-22 కోసం కట్టిన యంత్రంలో ఆర్-32 పోస్తే లోపలి ఒత్తిడి ఒకటిన్నర రెట్లకు మించిపోతుంది, ఆ గొట్టాలు, ఆ కంప్రెసర్ దానికి తయారైనవి కావు. కంప్రెసర్‌లోని పాత రకం నూనె కొత్త గ్యాసులో కలవదు, కాబట్టి అది తిరిగి రాక కంప్రెసర్ ఎండిపోతుంది. వీటన్నిటినీ మించి ఆర్-22 అంటుకునే గ్యాసు కాదు, ఆర్-32 కొద్దిగా అంటుకునే గ్యాసు. పాత యంత్రంలోని స్విచ్చులనూ తీగలనూ ఆ ప్రమాదాన్ని దృష్టిలో పెట్టుకుని అమర్చలేదు. దేనికోసం కట్టిన యంత్రంలో దానినే నింపాలి. ఈ ఒక్క విషయంలో బేరమాడవద్దు.

సింహాద్రి: అంటుకుంటుందా? అలాంటి దానిని జనం పడకగదిలో ఎలా పెట్టుకుంటున్నారు? ఇక నేను కొత్త ఏసీ ఊసే ఎత్తను. ఫ్యాను చాలు.

వరాహలక్ష్మి: క్షణం కిందట అదే గ్యాసు నీకు ఎంతో నచ్చింది! దాని కోసమే తయారైన యంత్రంలో అది ఉన్నప్పుడు భయపడనక్కరలేదు. అంటించినా మెల్లగా మండే రకం అది. వంటింట్లో గ్యాసు బండ పెట్టుకున్నవాడివి, దీనికి జడుస్తావేమిటి? కొన్ని కంపెనీలు ఆర్-290 కూడా వాడుతున్నాయి. అది శుద్ధమైన ప్రొపేనే. భూమిని వేడెక్కించే బలం దానికి దాదాపు లేదనే చెప్పాలి, కాని బాగా అంటుకుంటుంది, అందుకే తక్కువ గ్రాములే నింపుతారు, చిన్న గదిలో పెద్ద యంత్రం పెట్టవద్దంటారు. ఏదైనా సరే, కంపెనీ దగ్గర శిక్షణ పొందినవాడి చేతనే బిగించాలి, విప్పించాలి. బీడీ కాలుస్తూ గొట్టం అతికే మీ పదిహేను నిమిషాల వీరుడి చేత మాత్రం వద్దు.

సింహాద్రి: సరే, కొంటాను అనుకో. ఆర్-32ను కూడా రేపు నిషేధిస్తే? ఈ ప్రభుత్వాలను నమ్మి పెట్టుబడి పెట్టగలమా?

వరాహలక్ష్మి: నిషేధం కాదు, కోత. 2016లో రువాండా దేశపు కిగాలీలో కుదిరిన సవరణను మనం 2021లో ఆమోదించాం. దాని ప్రకారం ఆర్-32, ఆర్-410ఏ లాంటి ఈ కొత్త తరం గ్యాసుల మొత్తం వాడకం మన దేశంలో 2028లో ఇక పెరగకుండా ఒకచోట ఆగాలి. 2032లో 10 శాతం, 2037లో 20, 2042లో 30, చివరికి 2047లో 85 శాతం తగ్గాలి. బలం ఎక్కువ ఉన్న గ్యాసు ముందు తగ్గుతుంది. ఇప్పుడు కొన్న ఏసీ ఆయుష్షు తీరేలోగా నీకు ఆర్-32 దొరకకపోవడం జరగదు.

సింహాద్రి: (వేళ్ల మీద లెక్కించి) నేను పుట్టింది 1962లో. అంటే 85 శాతం కోత పడేనాటికి నాకు సరిగ్గా 85 ఏళ్లు. ఆ లెక్క నాకు పడింది. అయితే కొందాం. కాని పాత కాపర్ పైపునే వాడాలి. అప్పట్లో అడుగుకు ఇంత అని లెక్కగట్టి కొన్నాను, దానిని పారేయడానికి వీల్లేదు.

వరాహలక్ష్మి: లోపల పాత నూనె పేరుకుని ఉన్న పైపు అది. గోడ మందం కొత్త ఒత్తిడికి సరిపోతుందో లేదో తెలియదు. పైపు పాతది పెడితే కంపెనీవాడు వారంటీ మాట వచ్చినప్పుడు ముఖం చాటేస్తాడు. రాగిని తుక్కు కింద అమ్ముకో, డబ్బు నువ్వే ఉంచుకో.

సింహాద్రి: మొత్తమా?

వరాహలక్ష్మి: సగం. ఇక కొనేటప్పుడు స్టార్లు ఎన్ని ఉన్నాయో చూసి మురిసిపోకుండా, ఆ లేబులు ఏ సంవత్సరానిదో కూడా చూడు. 2026 జనవరి నుండి లెక్క కఠినమైంది, పాత లేబులు మీది ఐదు స్టార్లు కొత్త లెక్కలో ఐదుగా నిలవవు. దుకాణంవాడు పాత సరుకును తక్కువ ధరకు అంటగట్టవచ్చు. కాయిల్‌కు ఉప్పు గాలిని తట్టుకునే పూత ఉందో లేదో అడుగు. ఈ ఊళ్లో అది స్టారు కంటే ముఖ్యమని నా అభిప్రాయం. అన్నిటికంటే ముందు పెరట్లోకి వెళ్లి, మన యంత్రం పట్టీ మీద గ్యాసు పేరు, గ్రాములు రాసుకుని రా. పాతది విప్పేటప్పుడు గ్యాసును గాలిలోకి వదలకుండా సిలిండరులోకి లాగమని చెప్పాలి కదా.

(సింహాద్రి కళ్లద్దాలు, చిన్న టార్చి తీసుకుని పెరట్లోకి వెళ్లారు. అక్కడి నుండి చాలాసేపు ఏ శబ్దమూ రాలేదు. తర్వాత వచ్చిన కేకలో ఆశ్చర్యం కంటే ఆనందం పాలు ఎక్కువ.)

సింహాద్రి: అప్పా! దీని మీద ఆర్-22 అని లేదు! ఆర్-410ఏ అని ఉంది! మావాడి డల్లాసు గ్యాసే! నువ్వేమో గంట నుండి నాకు ఓజోన్ పాఠం చెబుతున్నావు!

వరాహలక్ష్మి: (గుమ్మం దాకా వచ్చి) ఏదీ, సరిగ్గా చదువు. అయితే దీనికి ఓజోన్ గొడవ లేదు, కిగాలీ లెక్క వర్తిస్తుంది, అంతే. పాఠం వృథా పోలేదు.

సింహాద్రి: ఓడిపోయినప్పుడు కూడా పాఠమే చెప్పాలా?

వరాహలక్ష్మి: ఆగు. నువ్వు ఏ సిలిండరుకు బయానా ఇచ్చావు?

సింహాద్రి: ఆర్-22కు.

వరాహలక్ష్మి: పోయిన ఏడాది మీ మంచివాడు ఏమి నింపాడు? బిల్లు ఉంచావా?

సింహాద్రి: నేను బిల్లులు పారేసే మనిషినా? (జేబులోని పర్సు మడతల్లో నుండి ఒక కాగితం తీసి, చదివి, చదివిన దానిని మళ్లీ చదివి) "ఆర్-22 గ్యాసు, ఫుల్ ఛార్జింగ్."

వరాహలక్ష్మి: విన్నావా! అందుకే హాలు చల్లబడడం లేదు. 410ఏ ఒత్తిడికి కట్టిన యంత్రంలో 22ను కలిపాడు. ఇప్పుడు లోపల ఉన్నది అదీ కాదు, ఇదీ కాదు. ఈ కలగాపులగాన్ని శుభ్రం చేసి మళ్లీ వాడడం కూడా కష్టం. విడిగా వేరే సిలిండరులోకి లాగించి, తీసుకునేవారికి అప్పగించాలి. ఇక దీనిని బాగు చేయించడం కన్నా కొత్తది కొనడమే మేలు.

సింహాద్రి: (ఫోన్ తీసి) ముందు నా రెండు వేలు వెనక్కి రాబట్టుకుంటాను.

వరాహలక్ష్మి: ఇందాక అందులో వెయ్యి నా వాటా అన్నావు.

సింహాద్రి: ఇచ్చేటప్పుడు నీ వాటా. తిరిగి వచ్చేటప్పుడు అంతా నాదే. (ఫోన్‌లో) హలో, బాబూ, నేను ఎం.వి.పి. కాలనీ సింహాద్రిని. ఆ సిలిండరు తేవద్దు. కాదు, ధర ఎక్కువని కాదు... ఏమిటీ, బయలుదేరిపోయావా?

వరాహలక్ష్మి: రానివ్వు. వస్తూ త్రాసు తెమ్మను.