ఆ పట్టికను ఎందుకు తీసేశారు?

మందుల కంపెనీలు వదిలే వ్యర్థజలాల్లో ఏ యాంటీబయాటిక్ ఎంతకు మించకూడదో చెబుతూ కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ 2020 జనవరిలో ముసాయిదా నోటిఫికేషన్ ఇచ్చింది. 121 యాంటీబయాటిక్‌లకు పరిమితులు నిర్ణయించిన పట్టిక అందులో ఉంది. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వెలువడేసరికి ఆ పట్టిక మొత్తానికి మొత్తం మాయమైంది. ఆ తర్వాత సూక్ష్మజీవుల మందు నిరోధకతపై 2025-29 కాలానికి రెండో జాతీయ కార్యాచరణ ప్రణాళిక కూడా వచ్చింది. ప్రణాళికలు రాయడానికి ఆడుతున్న చెయ్యి, ఒక్క అంకెను చట్టంలో రాయడానికి ఎందుకు ఆడటం లేదు?

మురుగులో యాంటీబయాటిక్ కలిస్తే బ్యాక్టీరియా మందులకు లొంగకుండా తయారవుతుందని పాఠకులకు కొత్తగా చెప్పనక్కర్లేదు. ప్రమాదం అక్కడితో ఆగదన్నదే ఇప్పుడు మా ఆందోళన. బ్యాక్టీరియా జన్యురాశిలో వైరస్‌ల డీఎన్‌ఏ దాగి ఉంటుంది. ఫేజ్‌లు అనే ఈ వైరస్‌లలో కొన్ని, తాము సోకిన బ్యాక్టీరియాను వెంటనే చంపవు. తమ డీఎన్‌ఏను దాని డీఎన్‌ఏలో కలిపేసి తరాల తరబడి నిద్రాణంగా ఉండిపోతాయి. కొన్ని బ్యాక్టీరియాల జన్యురాశిలో ఈ వైరస్ వాటా 20 శాతం దాకా ఉంటుంది. 1996లో జపాన్‌లోని సకాయ్ నగరంలో వేలాది బడిపిల్లలను జబ్బున పడేసిన పేగు బ్యాక్టీరియా ఈ. కోలి ఓ157 రకం జన్యుక్రమాన్ని 2001లో చదివితే, అందులో 18 ఫేజ్‌ల డీఎన్‌ఏ బయటపడింది.

బ్యాక్టీరియాను ప్రాణాంతకంగా మార్చిన మలుపుల్లో ఎన్నో ఈ వైరస్‌ల పుణ్యమే. కలరా క్రిమి విషాన్ని విడుదల చేస్తుందని 1959లో కలకత్తాలో శంభునాథ్ డే నిరూపించారు. ఆ విషాన్ని తయారుచేసే జన్యువులు కలరా క్రిమివి కావనీ, ఒక ఫేజ్ మోసుకొచ్చి పెట్టినవనీ 1996లో అమెరికా శాస్త్రవేత్తలు వాల్డర్, మెకలానోస్ తేల్చారు. కంఠసర్పి సంగతీ అంతే. ఫేజ్ సోకని డిఫ్తీరియా క్రిమికి ఆ విషం తయారుచేసే శక్తి ఉండదు, సోకితే వస్తుంది. ఈ విషయం 1951 నుంచీ తెలుసు. శిథిలమై ఎందుకూ పనికిరావనుకున్న వైరస్ ముక్కలు సైతం ఊరికే పడి లేవు. ప్రయోగశాలలో పెంచే ఈ. కోలి నుంచి అలాంటి 9 ముక్కలనూ తొలగిస్తే, అది కొన్ని యాంటీబయాటిక్‌లను తట్టుకునే శక్తిని కోల్పోయిందని 2010లో వెల్లడైంది. కోట్ల ఏళ్లుగా బ్యాక్టీరియా కొత్త గుణాలు సంపాదించుకున్న దారుల్లో ఇదొకటి. ఆ దారిని మనం చేజేతులా వెడల్పు చేస్తున్నాం.

నిద్రలో ఉన్న ఈ వైరస్‌ను లేపేది ఏమిటి? డీఎన్‌ఏకు తగిలే దెబ్బ. అతినీలలోహిత కిరణాలు సోకితే ఫేజ్‌లు మేల్కొంటాయని పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆంద్రే ల్వోఫ్ బృందం 1950లోనే చూపింది. దెబ్బ తగలగానే బ్యాక్టీరియా తన అత్యవసర మరమ్మతు యంత్రాంగాన్ని నడుపుతుంది. ఆ గడబిడలోనే ఫేజ్‌ను అదిమిపెట్టి ఉంచిన ప్రొటీన్ కూడా తెగిపోతుంది. లేచిన వైరస్ తన ప్రతులను పెంచుకుని, కణాన్ని పగలగొట్టుకుని వెళ్లి మరో బ్యాక్టీరియాలో చేరుతుంది. పోతూపోతూ పాత బ్యాక్టీరియా జన్యువులను కొన్నింటిని వెంట తీసుకుపోవడమూ ఉంది.

మన ఇళ్లలో అందరికీ తెలిసిన సిప్రోఫ్లాక్సాసిన్ సరిగ్గా ఇలా డీఎన్‌ఏ మీద దెబ్బకొట్టే మందే. ఓ157 సోకిన ఎలుకలకు ఆ మందు ఇస్తే ఫేజ్‌లు మేల్కొని, అవి మోసుకొచ్చిన జన్యువులతో తయారయ్యే షిగా విషం ఎక్కువైందనీ, ఎలుకలు చనిపోయాయనీ 2000లో ఒక అధ్యయనం చూపింది. ఓ157 తెచ్చే రక్త విరేచనాలకు యాంటీబయాటిక్ రాయడానికి వైద్యులు వెనకాడటానికి ఇలాంటి ఫలితాలే కారణం. పందుల దాణాలో కలిపిన యాంటీబయాటిక్‌లు వాటి పేగుల్లోని బ్యాక్టీరియాలో ఫేజ్‌లను లేపుతున్నాయని 2011లో అమెరికా పరిశోధకులు ప్రకటించారు. అదే ఏడాది జర్మనీలో మెంతి మొలకల ద్వారా పాకిన ఈ. కోలి 3,800 మందికి పైగా సోకి, 50 మందికి పైగా ప్రాణాలు తీసింది. ఎక్కడో ఒకచోట షిగా విషపు ఫేజ్ వేరే రకం ఈ. కోలిలోకి దూరింది, ఆ కలయికలోంచే ఈ రాకాసి పుట్టింది. కారణం తేలేలోపు స్పెయిన్ రైతుల కీరదోసకాయలు నింద మోశాయి, ఆ రైతులు నిలువునా మునిగారు.

ఇక మన ఇంటి సంగతి. పటాన్‌చెరులో దాదాపు 90 మందుల కంపెనీల వ్యర్థజలాలను శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటకొచ్చిన నీటిని స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించింది. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్! అది శుద్ధి చేశాక ఉన్న లెక్క. రోజుకు 45 కిలోల మందు అలా పోతోందనీ, స్వీడన్ దేశమంతా ఐదు రోజుల్లో వాడేది అంత ఉంటుందనీ వారు లెక్కగట్టారు. నిరోధకత పెరగకుండా ఉండాలంటే నీటిలో ఈ మందు లీటరుకు 0.064 మైక్రోగ్రాములు దాటకూడదని 2016లో శాస్త్రవేత్తలు అంచనా వేశారు. పటాన్‌చెరు నీటిలో దొరికింది దానికి 4.8 లక్షల రెట్లు. ఆ వ్యర్థజలాలను పైపులైన్‌లో అంబర్‌పేట మురుగు శుద్ధి కేంద్రం వైపు మళ్లించారు. నగర ప్రజల పేగుల్లోంచి వచ్చే బ్యాక్టీరియా, ఆ బ్యాక్టీరియాలో నిద్రపోతున్న వైరస్‌లు, వాటిని లేపగల మందు, అన్నీ ఒకే తొట్టిలో కలిసే ఏర్పాటు ఇది. దీనికి పేరు కాలుష్య నియంత్రణ.

మందు నిరోధక జన్యువులను ఎక్కువగా మోసేది బ్యాక్టీరియాలో విడిగా ఉండే చిన్న డీఎన్‌ఏ వలయాలైన ప్లాస్మిడ్‌లేననీ, ఫేజ్‌ల పాత్ర అంత పెద్దది కాదనీ కొందరు శాస్త్రవేత్తలు అంటున్నారు. చుక్క నీరు బయటకు వదలని పద్ధతి అమలవుతుండగా పరిమితులు ఎందుకని పరిశ్రమ అడుగుతోంది. మొదటి మాటలో కొంత నిజముంది. విష జన్యువుల విషయంలో మాత్రం ఫేజ్‌ల పాత్రపై ఇక వివాదమేమీ మిగల్లేదు. రెండో వాదన తనను తానే ఓడించుకుంటోంది. చుక్క నీరు కూడా వదలనివారికి ఎంత కఠినమైన అంకె పెట్టినా వచ్చే నష్టమేమిటి? దేనికి భయం?

కంపెనీ గోడకు అవతల ఒక న్యాయం, ఇవతల మరో న్యాయం నడుస్తున్నాయి. 500 మిల్లీగ్రాముల మాత్రలో మందు పరిమాణం అనుమతించిన తేడా దాటితే బ్యాచ్ మొత్తాన్ని పక్కన పడేస్తారు. విదేశాల తనిఖీ అధికారులు వస్తే ప్రతి రిజిస్టరూ తెరుస్తారు. అదే మందు గోడ దాటి వాగులో కలిస్తే, ఇంతకు మించకూడదని చెప్పే అంకె లేదు. రోగి కోసం కొలత ఉండి, వాగు ఒడ్డున పశువులు మేపుకునేవాడి కోసం కొలత లేకపోవడం ఏ నీతి? యాంటీబయాటిక్ తయారీ వ్యర్థాలపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 సెప్టెంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. అంతకు నాలుగేళ్ల ముందే సొంతంగా పట్టిక రాసుకున్న దేశం దాన్ని తానే కొట్టేసుకోవడం సిగ్గుచేటు.

ఇంకా పెద్ద భయం ముందుంది. ముసాయిదాలో పెట్టినదాన్ని తుది ప్రతిలో చప్పుడు లేకుండా తీసేయవచ్చని ఒకసారి రుజువైతే, రేపు ఏ విషానికైనా అదే దారి. అనకాపల్లి జిల్లా నక్కపల్లిలో బల్క్ డ్రగ్ పార్కు రానుంది. వ్యర్థాలు సముద్రం వైపే పోతాయి. అక్కడి మత్స్యకారులు పటాన్‌చెరు రైతుల గతే పట్టాలా? పార్కుకు భూమి ఇచ్చేటప్పుడు, రాయితీలు ప్రకటించేటప్పుడు ప్రతి అంకె పక్కాగా రాసుకునే ప్రభుత్వాలు, వ్యర్థజలాల దగ్గరికొచ్చేసరికి ఒక్క అంకె కూడా రాయలేకపోవడాన్ని నిర్లక్ష్యం అని సరిపెట్టుకోలేం.

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండళ్లు కేంద్రం వైపు వేలు చూపి తప్పుకోవడానికి వీల్లేదు. వ్యర్థజలాలకు ప్రమాణాలు నిర్ణయించే అధికారాన్ని రాష్ట్ర మండళ్లకు 1974 నాటి జల కాలుష్య చట్టమే ఇచ్చింది. సిప్రోఫ్లాక్సాసిన్‌తో మొదలుపెట్టి ఆ 121 మందులకూ పరిమితులు ప్రకటించండి. శుద్ధి కేంద్రాల నుంచి బయటకొచ్చే నీటిలో ప్రతి నెలా కొలిచి, ఆ లెక్కలు ప్రజల ముందుంచండి. అర్ధ శతాబ్దంగా చేతిలో ఉన్న అధికారాన్ని వాడుకోవడానికి మీరు ఇంకా ఎవరి అనుమతి కోసం చూస్తున్నారు?